చెరువు హద్దు ఎక్కడ?

ప్రతి సంవత్సరము జూను మాసమున పాఠశాల తెరువగనే, క్రొత్తగా చేరు విద్యార్థుల పేర్లను ప్రవేశపట్టికలో వ్రాయు పని మా పాలబడుచుండును. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మాతృభాష, ఇదివరలో చదివిన పాఠశాల, నివాసస్థలము - ఇవి అందలి గడులు. తక్కిన గడులను తడవుకొనక నింపుదుము గాని, నివాసస్థలమను గడియొద్దకు వచ్చునప్పటికి మా కలము తరచుగా నిలిచిపోవును. మా పాఠశాల హైదరాబాదు నగరపు అంచున నున్నది. నగరములోని నానాపేటలనుండి కాపురములు మార్చుకొని వచ్చినవారి బిడ్డలు ఇందు చేరుదురు. ఒకడు నల్లకుంటనుండి వచ్చును. ఒకతె మాసాబు ట్యాంకునుండి వచ్చును. మరియొకడు తలాబుకట్టనుండి వచ్చును. నల్లకుంటలో నేడు కుంట లేదు. మాసాబు ట్యాంకులో ట్యాంకు లేదు. ఆ చోట పిల్ల లాడుకొను ఉద్యానవన మున్నది. తలాబుకట్టకు ఆ పేరు తెచ్చిన మీర్ జుమ్లా చెరువు వెదకినను కానరాదు. పేరులు మిగిలినవి, నీరు పోయినది.

ఈ పేరులు వ్రాయుచు మేము తలపోసిన కొన్ని మాటలను మన వార్షిక సంచిక చదువరుల ముందుంచుట యుచితమని తోచినది. ఇది గతించిన చెరువుల కథ మాత్రమే యైనచో చరిత్ర పాఠములో చెప్పి యూరకుందుము. కాని మన పాఠశాల వెనుకనున్న చెరువు కథయు ఇదియే. అది యింకను ముగియలేదు.

మొదట ఈ నేల స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. హైదరాబాదు ప్రాంతము గ్రానైటు రాతినేల. పైనున్న మట్టిపొర పలుచన. దాని క్రింద రాయి. ఏడాది పొడుగునను నిండుగా పారు నది యిచ్చట లేదు. మూసీ వానకాలపు నది. కురియు వాన మూడు నాలుగు మాసములలో కురిసి ఆగిపోవును. ఆ నాలుగు మాసముల నీటితో పండ్రెండు మాసములు బ్రదుకవలెనన్నచో నీటిని నిలుపుట యొక్కటే మార్గము. అందుచేత మన పూర్వులు పల్లమున్న ప్రతిచోట కట్ట వేసిరి. హుస్సేను సాగరము ఇబ్రహీం కులీ కుతుబు షా కాలమున 1562 ప్రాంతమున నిర్మింపబడినది. హైదరాబాదు నగరమునకు పునాది పడినది 1591లో. అనగా చెరువు నగరముకంటె సుమారు ముప్పది యేండ్లు పెద్దది. అన్న యింటికి కాపురమునకు వచ్చిన తమ్ముడు కొంతకాలమునకు అన్ననే వెలుపలికి పొమ్మన్నట్లు, నగరము నేడు చెరువును పొమ్మనుచున్నది.

మన చెరువులలో నొక్కటియు ఒంటరిది కాదు. మీది చెరువు నిండినపుడు అలుగు పారును. ఆ నీరు వాగుగా పోయి క్రింది చెరువును నింపును. అది నిండిన పిమ్మట దాని క్రిందిది నిండును. తుదకు మిగులు నీరు మూసీలో కలియును. వీనినే గొలుసుకట్టు చెరువు లందురు. కట్ట నీటిని ఆపును. తూము కావలసినంత నీటిని పొలములకు విడుచును. అలుగు ఎక్కువైన నీటిని క్రిందికి సాగనంపును. ఈ మూడును సరిగా నున్నంతకాలము వాన మనకు చుట్టము. ఒక్క లంకె తెగినచో గొలుసంతయు చెడును. అప్పుడు అదే వాన మనకు పగవాడగును. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలో మూడువేలకు పైగా చెరువులును కుంటలును గుర్తింపబడినవి. ఇన్ని చెరువులు వేడుకకు త్రవ్వినవి కావని మన విద్యార్థులు గ్రహింతురు గాక.

ఇక అసలు ప్రశ్నకు వచ్చెదము. చెరువు హద్దు ఎక్కడ? పొలమునకు గట్టు హద్దు. ఇంటికి గోడ హద్దు. ఊరికి పొలిమేర హద్దు. చెరువు హద్దు మాత్రము కదలుచుండును. భాద్రపదమున నీరు తుమ్మచెట్ల మొదళ్లను తాకును. సంక్రాంతి నాటికి నూరు బారలు వెనుకకు పోవును. వైశాఖమున నడుమ నొక మడుగు మాత్రము మిగిలి, తక్కినదంతయు నెఱ్ఱెలు విచ్చిన బయలుగా నుండును. పిల్లలు అందు బంతులాడుదురు, పశువులు మేయును. ఆ దినములలో క్రొత్తగా వచ్చిన మనుష్యుడు దానిని చూచి, చెరువు ఆ మడుగంతయే యని తలంచును. కాని చెరువు హద్దు వేసవిలో మన కంటికి కనబడునది కాదు. మంచి వాన కురిసిన యేట నీరు తాకి నిలుచునది. ఈ భేదమును తెలియని వారివలన కొంతయు, తెలిసియు దాచినవారివలన మిక్కిలియు మన చెరువులు నశించుచున్నవి. ఈ వ్యాసమునందు మేము చెప్పదలచిన మాట ఇది యొక్కటియే.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో శిక్షణ ముగించుకొని, 2004లో ఈ పాఠశాలలో ప్రవేశించితిమి. విద్యార్థికి తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని, భూగోళమును గోడమీది పటమునుండి కాక కాలి క్రింది నేలనుండి మొదలిడవలెనని ఆ కళాశాలలో మాకు నేర్పిరి. కావున ఇచ్చట చేరిన మొదటి యేటినుండియు ఆరవ తరగతి పిల్లలను చెరువుకట్టమీదికి తీసికొని పోవుచుంటిమి. ద్వీపము, ద్వీపకల్పము, జలసంధి - అన్నియు ఆ నీటి యంచున వారికి చూపగలిగితిమి. కట్టకు ఎదుటి దరిని తుంగయు జమ్మును దట్టముగా నుండెడివి. వాని నడుమ నీటికోళ్లు తిరుగుచుండెడివి. బుడుబుంగ మునిగినచోట కాక వేరొకచోట తేలుట చూచి పిల్లలు చప్పట్లు కొట్టుచుండిరి. తీగమీద లకుముకిపిట్ట కూర్చుండి నీటిలోనికి దృష్టి నిలుపుట వారికి ఏకాగ్రత పాఠమాయెను. చలికాలమున హిమాలయముల కావలనుండి బాతులు వచ్చి దిగుచుండెను. తాము చూచిన పక్షుల పేర్లను వ్రాసికొనగా నోటుపుస్తకములో రెండు పుటలు నిండెడివి. ఇప్పుడు అరపుట నిండుటయు కష్టముగా నున్నది. తుంగ పోయినది, దాని స్థానమున మురుగునీటిని త్రాగి బలిసిన గుర్రపుడెక్క యాక్రమించినది.

ఈ మార్పు ఒక్కదినమున వచ్చినది కాదు. మొదట ఎదుటి దరిని, నీరు పలుచగా నిలుచు వైపున, సున్నము పూసిన హద్దురాళ్లు వరుసగా వెలసినవి. పిమ్మట ఒక తోరణద్వారము లేచినది. దానిపై వ్రాసిన ఇంగ్లీషు పేరునకు సరోవరదర్శనమని యర్థము. చెట్టును నఱికి, ఆ మ్రాను పలకమీదనే చెట్లను కాపాడుడని వ్రాయించినట్లుండెను. రాత్రులందు లారీలు వచ్చి, నగరములో పడగొట్టిన పాతయిండ్ల రాళ్లును మట్టియు నీటియంచున పోసి పోవుచుండెను. మీది చెరువునుండి నీరు తెచ్చు కాలువ, ఎడ్లబండి పట్టునంత వెడల్పు గలది, ఒక మనుష్యుడు దాటగల సందుగా కుంచించుకొనిపోయెను. ఒకనాటి యుదయమున అలుగు రాళ్లు కొన్ని పగిలియుండుట చూచితిమి. ఎవరు పగులగొట్టిరో మాకు తెలియదు. ఎందుకు పగులగొట్టిరో మాత్రము తెలియును. అలుగు తగ్గినచో నీటిమట్టము తగ్గును. మట్టము తగ్గినచో నేల బయటపడును. బయటపడిన నేల ప్లాటగును.

ఆ దినములలోనే, 2012లో, మాకును ఆ లేఅవుటులో ఒక ప్లాటు కొనుమని యొక పరిచితుడు చెప్పవచ్చెను. ఉపాధ్యాయులకు ధర తగ్గింతుమనియు, వాయిదాలమీద నీయవచ్చుననియు పలికెను. మేము అద్దెయింట నుంటిమి. స్వగృహము కావలెనను కోరిక మాకును లేకపోలేదు. కాగితములు చూపుమనగా చూపెను. పట్టా నిజమైనదే. కాని ఆ భూమి శిఖమని అందు వ్రాసియుండెను. చెరువు నిండినపుడు మునుగు భూమికి మన ప్రాంతమున శిఖమని పేరు. అందు కొంత సర్కారుది, కొంత రైతుల పట్టాది. పట్టా గల రైతు నీరు తగ్గినపుడు సేద్యము చేసికొనవచ్చును. నీరు వచ్చినపుడు చెరువునకు వదలిపెట్టవలెను. శాశ్వతమైన కట్టడమును కట్టరాదు. కావున అమ్మువాడు చూపు పట్టా అబద్ధము కాదు; ఆ పట్టాతో ఇల్లు కట్టుకొనవచ్చునని చెప్పుటయే అబద్ధము. సత్యమైన కాగితముతో అసత్యమును అమ్మవచ్చునని మేము ఆనాడు తెలిసికొంటిమి.

అయినను నిశ్చయము కొరకు, ఒకప్పుడు ఆ చెరువునకు నీరటిగా నుండి తూము తెరచుట మూయుట చేసిన వృద్ధునొద్దకు పోయి అడిగితిమి. అతడు చదువు లేనివాడు. మమ్ము కట్టమీదికి తోడ్కొనిపోయి, ఆ లేఅవుటునకు ఆవల, ఎత్తున నున్న యొక బండరాతిని చూపి, "గా రాయి జూడుండ్రి సారూ. నీళ్లు గాడిదాక వస్తయి. ఏండ్లు పట్టచ్చు గని రాకుండ ఉండయి" అనెను. మాకు చూపబడిన ప్లాటు ఆ రాతికంటె నిలువెత్తు పల్లమున నుండెను. ఆ పరిచితునికి మాకు వలదని చెప్పి పంపితిమి.

తరువాత ఎనిమిదేండ్లు గడచెను. ప్లాట్లు ఇండ్లాయెను, ఇండ్లమీద అంతస్తులు లేచెను. మాతోడి వారిలో కొందరు గృహప్రవేశములకు మమ్ము పిలిచిరి. మా గృహిణి అప్పుడప్పుడు, "అందరి కాపురములును బాగుగనే యున్నవి గదా" అని యనుచుండెను. ఆమె మాటలో తప్పు లేదు. అద్దె ఏటేట పెరుగుచునే యుండెను. నీరు రాని ప్రతి సంవత్సరమును చెరువునకు వ్యతిరేకముగా నొక సాక్ష్యమువలె నుండెను. జనులు దశాబ్దమును చూచి తీర్పు చెప్పుదురు. చెరువు శతాబ్దమును లెక్కించును.

ఆ కాలముననే మా తొమ్మిదవ తరగతిలో ఈ లెక్క చేయించితిమి. ఒక ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు. ఆ ఎకరపు శిఖమును ఒక మీటరు ఎత్తు మట్టితో పూడ్చినచో, 4,047 ఘనపు మీటర్ల నీరు నిలుచు చోటు పోవును. అనగా నలుబది లక్షల లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకరులు ఎనిమిది వందలకు పైగా కావలెను ఆ నీటిని మోయుటకు. లెక్క ముగిసిన పిమ్మట ఒక బాలిక లేచి, "ఆ నీరు ఎక్కడికి పోవును?" అని యడిగెను. నీరు ఎక్కడికిని పోదు. తన చోటు లేనపుడు మన చోటికి వచ్చును. మరియొకమాట. రాతినేలలో చెరువు నీరే పగుళ్లగుండ దిగి చుట్టుపట్ల బావులకును బోరులకును ఊటయగును. చెరువును పూడ్చి కట్టిన ఇండ్లవారే వేసవిలో బోరులెండి ట్యాంకరుకు పైకమిచ్చుచున్నారు. ఒక్క చేటు వలన వానకాలమున ముంపు, ఎండకాలమున ఎద్దడి - రెండును కలుగుచున్నవి.

ఈ నేల ఇట్టి పాఠమును పూర్వమే యొకమారు నేర్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలకొలది జనులు మరణించిరి. మూసీ పరీవాహప్రాంతమున నున్న 788 చెరువులలో 221 తెగినట్లు, పిమ్మట విచారణకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు కనుగొనిరి. వారు చూపిన ఉపాయము నీటిని త్వరగా తరిమివేయుట కాదు. నగరమునకు ఎగువన నీటికి విశాలమైన చోటిచ్చి నిలుపుట. ఆ ప్రకారమే 1920లో ఉస్మాను సాగరమును, 1927లో హిమాయతు సాగరమును పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే అనేక సంవత్సరములు నగరమునకు త్రాగునీరిచ్చినవి. నీటికి చోటిచ్చినవానికి నీరు ఋణపడియుండదు.

నూరేండ్లు గడచిన తరువాత ఆ పాఠమును మరచితిమి. 2000 ఆగస్టులో ఒకమారు వరద వచ్చి హెచ్చరించెను. 2020 అక్టోబరు 13వ తేది రాత్రి కురిసిన వాన ఘటకేసరు ప్రాంతమున 32 సెంటీమీటర్లకు పైబడెను. బాలాపూరు గుర్రం చెరువు కట్ట ఆ వారముననే తెగి, దిగువనున్న బస్తీలు మునిగినవి. మన పాఠశాల వెనుక చెరువు కట్ట తెగలేదు. నీరు మాత్రము, నీరటి చూపిన ఆ బండరాతియొద్దకు వచ్చి నిలిచెను. దానికిని కట్టకును నడుమ నున్న ఇండ్లన్నియు నడుములోతు నీటిలో నుండెను. ఆ వృద్ధుడు అప్పటికి జీవించిలేడు.

అతని మాట నిజమైనదని సంతోషించుటకు అందు చోటులేదు. అవి మా విద్యార్థుల ఇండ్లు. ఎనిమిదవ తరగతి బాలుడొకడు, వారము గడచిన తరువాత, తడిసి యొకదాని కొకటి అంటుకొనిపోయిన పుస్తకములను సంచిలో పెట్టుకొని వచ్చి, ఇవి ఆరునా యని మమ్మడిగెను. వాని తండ్రి కిరాయి కారు నడుపువాడు. పదునైదేండ్ల సంపాదనయు, భార్య బంగారమును, పైని బ్యాంకు అప్పును కలిపి ఆ ఇల్లు కట్టెను. ఇటీవలి సంవత్సరములలో చెరువుల కొలతలు మొదలైనపుడు వారి గోడమీద ఎఱ్ఱరంగుతో నొక గుర్తు వేసిపోయిరి. ఒక సాయంకాలము అతడు పాఠశాల గేటునొద్ద మమ్ము కలిసికొని, "కాగితాలన్ని ఉన్నయి సారూ. రిజిస్ట్రేషను అయింది. కరెంటు మీటరిచ్చిండ్రు. ఇంటిపన్ను కడుతున్న. బ్యాంకు అప్పిచ్చింది. ఇది చెరువని నాకొక్కనికే ఎట్ల తెలువాలె?" అనెను. మేము ఉత్తర మీయలేకపోతిమి. ప్లాట్లు అమ్మినవాడు మొదటి వానకు ముందే లెక్క చూచుకొని వేరొక చెరువునకు పోయెను. లాభము పొందినవాడు వెడలిపోవును. కొన్నవాడు నీటిలోను, నీటి తరువాత భయములోను మిగులును.

చట్టములు లేవనుటకు వీలులేదు. 2002లోనే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై వాల్టా చట్టము వచ్చినది. 2012 నాటి భవననిర్మాణ నియమములు 10 హెక్టారులును అంతకు మించినవియు నగు చెరువులకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లును, చిన్నవానికి 9 మీటర్లును విడువవలెనని విధించినవి. ఉస్మాను సాగర, హిమాయతు సాగరముల చుట్టును 10 కిలోమీటర్లలో నివాసపు కాలనీలును కలుషిత పరిశ్రమలును రాకుండ 1996 మార్చి 8న 111వ సంఖ్య ఉత్తరువు వెలువడెను. అది 84 గ్రామములకు వర్తించెను. ఆ ఆంక్షలను తొలగించుచు 2022 ఏప్రిలులో 69వ సంఖ్య ఉత్తరువు వచ్చినది. 2024 జూలైలో చెరువులు మొదలగు ఉమ్మడి ఆస్తుల రక్షణకై హైడ్రా యను సంస్థ నెలకొల్పబడి, చెరువులలోని కట్టడములు కొన్ని కూల్చబడినవి. మరియొక వింత గలదు. 1971 ఫిబ్రవరి 2న ఇరాను దేశమున రాంసరు పట్టణమున కుదిరిన ఒడంబడిక, చిత్తడినేలలలో సహజమైనవియు మనుష్యులు కల్పించినవియు అను భేదము చేయదు. మన దేశపు 2017 నాటి చిత్తడినేలల నియమములు మాత్రము త్రాగునీటికిని సేద్యమునకును మనుష్యులు నిర్మించిన చెరువులను తమ పరిధినుండి మినహాయించినవి. మన చెరువులు ప్రాయికముగా అట్టివే. ఈ చెరువును దేవుడు చేసెనో మనుష్యుడు త్రవ్వెనో కొంగ యెరుగదు, తుంగయు నెరుగదు, వరదయు నెరుగదు.

ఈ నియమములలో పెక్కింటికి ఆధారము పూర్తి నీటిమట్టము. ఆ మట్టము నేలమీద రాళ్లతో గుర్తింపబడనంతకాలము నియమము కాగితమునందే యుండును. ఇండ్లు లేచిన తరువాత కొలిచినచో కన్నీరు తప్పదు. కొలువకున్నచో చెరువు దక్కదు. కావున కొలత అమ్మకమునకు ముందు జరుగవలెను. శిఖమని వ్రాసియున్న సర్వే నంబరునకు లేఅవుటు అనుమతి యిచ్చుటకును, రిజిస్ట్రేషను చేయుటకును, అప్పిచ్చుటకును ముందు, ఆ బల్లలయొద్ద కూర్చున్న ప్రతివారును ఆ కారు నడుపువాని ప్రశ్నను తమ్ము తామే వేసికొనవలెను.

జనులు ఎక్కడ నుండవలెను అని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఏటేట వేలకొలది కుటుంబములు పనికై ఈ నగరమునకు వచ్చుచున్నవి. ఇల్లు కోరుట పాపము కాదు. మేమును కోరుచునే యున్నాము. కాని నగరము చుట్టును ఎత్తైన మెట్టనేల లేక చెరువులోనికి దిగుట లేదు; చెరువు నేల చౌకగా దొరకుటచేత దిగుచున్నారు. ఆ చౌక నిజమైన చౌక కాదు. తగ్గించిన ధరను నీరు తరువాత వడ్డీతో వసూలు చేయును. ఇసుకమీద ఇల్లు కట్టినవాని ఉపమానమును మన విద్యార్థులందరు సువార్తలో చదివినవారే. ఆ మనుష్యుడు తన యిష్టముచేత ఇసుకను ఎన్నుకొనెను. అతనిని బుద్ధిహీనుడనుట సులభము. నేటివానికి ఇసుకను చూపి బండయని నమ్మించి అమ్ముచున్నారు. అట్టివానిని బుద్ధిహీనుడని తీసివేయుట మనకు తగదు. బండ ఎక్కడనున్నదో ముందుగా చూపుట మన విధి.

నిరాశపడ నక్కరలేదు. 2016లో అమీనుపూరు చెరువును ప్రభుత్వము జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది. నగర పరిసరములలోని చెరువునకు మన దేశమున అట్టి గౌరవము దక్కుట అదియే మొదలు. 2025లో అంబరుపేటలోని బతుకమ్మకుంటను పూడిక తీసి మరల నీట నింపిరి. త్రవ్వగనే నేలలోనుండి నీరు ఊరుట చూచి జనులు ఆశ్చర్యపడిరి. నీరు మరచిపోలేదు, మరచినవారము మనమే. పేరు మాత్రము మిగిలినచోట కూడ నీరు తిరిగి రాగలదని దానివలన తెలియుచున్నది.

మన పాఠశాల వెనుక చెరువులో ఇంకను సగము మిగిలియున్నది. గత సంవత్సరము తొమ్మిదవ తరగతి విద్యార్థులు 2020 నాటి నీటిజాడలను గోడలమీద వెదకి, టేపు పట్టి కొలిచి, పాత గ్రామపటముతో పోల్చి, పూర్తి నీటిమట్టపు గీతతో నొక పటము వ్రాసిరి. దానిని సంబంధించిన కార్యాలయమునకు విన్నపముతో పంపితిమి. ఉత్తరము ఇంకను రాలేదు. హద్దురాళ్లు ఇంకను పడలేదు. ఆ పటపు నకలు మా తరగతిగది గోడమీద నున్నది. ఆ ఎనిమిదవ తరగతి బాలుడు మన పాఠశాలనుండి పోవుటకు ముందు చదివిన గది యదియే.

విద్యార్థులారా, మీరును పెద్దవారై సంపాదించి యిల్లు కట్టుకొందురు. వేసవిలో ఎవరైనను చక్కని బయలును చూపి, ఇది మంచి బేరమని చెప్పుదురు. అప్పుడు తొందరపడకుడు. ఆ ఊరి పటమును అడుగుడు. సర్వే నంబరు ప్రక్కన శిఖమను మాట యున్నదేమో చూడుడు. అలుగు ఎక్కడనున్నదో, దాని నీరు ఏ దారిని పోవునో తెలిసికొనుడు. భాద్రపదమువరకు ఆగి, మంచి వాన కురిసిన మరునాడు మరల పోయి చూడుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ ఊరిలో పుట్టి పెరిగిన వృద్ధుని నొకని వెదకి, నీరు ఎంతవరకు వచ్చునని యడుగుడు. అతడు చూపిన రాతికి ఈవల ఇల్లు కట్టకుడు, ఒకరికి అమ్మకుడు, అమ్ముచున్నవారిని చూచి మౌనముగా నుండకుడు.